కెమెరా ముందు ఆకలి: వలసానంతర ఆఫ్రికా కథాసాహిత్యంలో ఫొటో, దానం, ప్రదర్శన

వలస పాలన నుంచి బయటపడ్డాక ఆఫ్రికా రచయితలు రాసిన నవలల్లో, కథల్లో ఒక దృశ్యం పదేపదే కనిపిస్తుంది. మురికివాడలోకో కరువు శిబిరంలోకో ఒక బండి వస్తుంది. దిగినవాళ్ల దగ్గర పంచడానికి సరుకులుంటాయి, మెడలో కెమెరా ఉంటుంది. పుచ్చుకునేవాళ్లు ముందు ఫొటోకి నిలబడాలి, ఆ తర్వాతే సరుకు చేతికందుతుంది. విమర్శకులు దీన్ని ఎక్కువగా పాశ్చాత్య దాతల మీద ఎత్తిపొడుపుగా చదువుతూ వచ్చారు. ఎత్తిపొడుపు ఉన్నమాట నిజమే గానీ, ఈ రచనల అసలు బలం వేరే చోట ఉంది. ఫొటోలో నిలబడ్డవాళ్లను ఇవి నిస్సహాయులుగా కాక పని చేస్తున్నవాళ్లుగా చూపిస్తాయి. వాళ్ల ఆకలి నిజమైనదే. అయితే దాన్ని పరాయివాళ్ల కంటికి ఆనేలా చూపించడం ఒక పని. దానికి నేర్పు కావాలి, సిగ్గు చంపుకోవాలి, బదులుగా ఏం దొరుకుతుందో ముందే తెలిసుండాలి. ఇచ్చేవాడు దయ అనుకున్నది పుచ్చుకునేవాడికి కూలి. ఈ తేడాను పట్టుకోవడంలోనే ఫొటోకి చేతకాని పనిని కథ చేయగలిగింది.

ఈ రచయితలకు చేతికందిన బొమ్మల చరిత్ర చిన్నదేమీ కాదు. 1904లో కాంగోలోని బరింగా మిషన్ దగ్గర ఆలిస్ సీలీ హారిస్ అనే ఇంగ్లీషు మిషనరీ న్సాలా అనే తండ్రిని ఫొటో తీసింది. రబ్బరు కంపెనీ కాపలావాళ్లు చంపేసిన అతని కూతురి చేయి, పాదం ఎదురుగా ఉండగా, వసారా అంచున అతన్ని కూర్చోబెట్టి తీసిన ఫొటో అది. ఆ బొమ్మలను మ్యాజిక్ లాంతరు ప్రదర్శనల్లో తెర మీద వేసి చూపిస్తూ సాగిన ప్రచారం, 1908లో కాంగో బెల్జియం రాజు లియొపోల్డ్ సొంత జాగీరుగా ఉండకుండా చేసిన కారణాల్లో ఒకటి. అందులో అబద్ధం లేదు, అమరిక మాత్రం ఉంది. మొదటి నుంచీ ఈ రెండూ కలిసే నడిచాయి. నైజీరియా నుంచి విడిపోయిన బియాఫ్రాలో 1967 నుంచి 1970 దాకా సాగిన యుద్ధంలో నైజీరియా దిగ్బంధం వల్ల లక్షలాది మంది ఆకలితో పోయారు. 1968 జూలై 12 నాటి లైఫ్ పత్రిక ఆకలితో ఉన్న అక్కడి పిల్లలను ముఖచిత్రంగా వేసింది. బియాఫ్రా తరఫున మార్క్‌ప్రెస్ అనే ప్రచార సంస్థ జెనీవా నుంచి పత్రికలకు సమాచారం అందించేది. ఆ యుద్ధంలో పని చేసిన ఫ్రెంచి డాక్టర్లే 1971లో మెద్సాఁ సాఁ ఫ్రాంతియేర్ అనే వైద్య సహాయ సంస్థను స్థాపించినవారిలో ముఖ్యులు. ఇక ఇథియోపియాలో జరిగింది మరీ విచిత్రం. వొల్లో కరువు మీద బ్రిటిష్ విలేకరి జొనాథన్ డింబుల్‌బీ 1973లో తీసిన టీవీ చిత్రాన్ని సైనికాధికారులు చక్రవర్తి విందువినోదాల దృశ్యాలతో కలిపి, 1974 సెప్టెంబరు 11 రాత్రి దేశమంతటికీ చూపించారు. మర్నాడే హైలే సెలాసీని గద్దె దించారు. లండన్‌లో విరాళాలు రాల్చిన బొమ్మే అడిస్ అబాబాలో సింహాసనాన్ని కూల్చింది. ఆకలి ఫొటోకి తనదంటూ ఒక అర్థం ఉండదనీ, ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేసిపెడుతుందనీ ఈ ప్రాంత రచయితలు సిద్ధాంత గ్రంథాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

ఈ అంశం మీద ఎక్కువగా చర్చకు వచ్చే నవల జింబాబ్వే రచయిత్రి నోవయొలెట్ బులవాయో 2013లో ప్రచురించిన 'వి నీడ్ న్యూ నేమ్స్'. పదేళ్ల డార్లింగ్, ఆమె నేస్తాలు ప్యారడైజ్ అనే రేకుల గుడిసెల వాడలో ఉంటారు. జింబాబ్వే ప్రభుత్వం 2005లో ఆపరేషన్ మురంబత్స్వినా పేరిట పట్టణ పేదల ఇళ్లు కూల్చినప్పుడు దాదాపు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారని ఐక్యరాజ్యసమితి నివేదిక అంచనా వేసింది. ప్యారడైజ్ లాంటి వాడలు పుట్టింది ఆ కూల్చివేతల్లోంచే. ఎన్జీవో లారీ వచ్చే రోజున పిల్లలు పాటలు పాడతారు, గెంతుతారు. వచ్చినవాళ్లను తాకరు. సరుకులిస్తున్నా తమను తాకడం వాళ్లకు ఇష్టం ఉండదని పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. మాసిన ఒళ్లు, చిరిగిన బట్టలు ఫొటోలో పడటం వాళ్లకు నామోషీ. అయినా నిలబడతారు, ఎందుకంటే ఫొటోల తర్వాతే పంపకం. ఫొటోగ్రాఫర్ చూపు ఆ పిల్లల్లో ఒకడైన గాడ్‌నోస్ చినిగిన నిక్కరు మీద పడుతుంది. అక్కణ్ణుంచి చీపో పొట్ట మీదికి మళ్లుతుంది. ఆ క్షణాన చీపో సినిమా తార అయిపోయినట్టు మిగతా పిల్లలు చూస్తారు. చీపోకి పదకొండేళ్లు, కడుపుతో ఉంది.

పేజీలో ఇది చిన్న సన్నివేశమే గానీ లెక్క అంతా ఇందులోనే ఉంది. పిల్లలకు ధర తెలుసు, కొలత తెలుసు, ఏది ఎక్కువ పలుకుతుందో తెలుసు. తెలియనిది ఫొటోగ్రాఫర్‌కే. అతని బొమ్మలో చీపో పొట్ట ఉంటుంది, ఆ పొట్టకు కారకుడు ఉండడు. తాతే ఆ ఘాతుకం చేశాడని చీపో నోరు విప్పి చెప్పేది నవలలో వేరే చోట, కెమెరా లేని పూట, డార్లింగ్ దగ్గర. ఆ బొమ్మ చూసి లండన్‌లో ఎవరైనా చెక్కు రాస్తే ఆ డబ్బు ఆకలికి చేరొచ్చు. తాత జోలికి మాత్రం పోదు. ఫొటోలో పడ్డ బాధకు కర్త ఉండడు, పేదరికమే అన్నిటికీ కర్త అయి కూర్చుంటుంది. నవల ఆ కర్తను వెనక్కి తెచ్చి నిలబెడుతుంది. ఇదే పుస్తకం మొదటి అధ్యాయంలో బుడాపెస్ట్ అనే డబ్బున్న పేటలో, లండన్ నుంచి వచ్చిన ఒకావిడ గేటు లోపల తింటూ నిలబడి పిల్లలను ఫొటో తీస్తుంది, నవ్వమంటుంది, తినగా మిగిలింది చెత్తబుట్టలో పడేస్తుంది. తిండి పారేయడం ఆ పిల్లలు అంతకు ముందెప్పుడూ చూసి ఎరగరు. ఇక్కడ ఫొటోకి నిలబడ్డా కూలి ముట్టలేదు. దూరం వెళ్లాక వాళ్లు తిట్టే తిట్లు, పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టిన ఆసామిని కూలీలు తిట్టే తిట్ల లాంటివి.

మరో అధ్యాయం ఇంకా ముందుకు వెళ్తుంది. ప్రతిపక్ష కార్యకర్త బోర్న్‌ఫ్రీని కొట్టి చంపారు. అంత్యక్రియలను బీబీసీ వాళ్లు చిత్రీకరిస్తారు. జనం వెళ్లిపోయాక పిల్లలు ఆ హత్యనే ఆటగా ఆడతారు: ఒకడు బోర్న్‌ఫ్రీ, మిగతావాళ్లు చంపేవాళ్లు. అది చూసిన విదేశీయుడు ఇదేం ఆట అని అడిగితే, ఇది ఆట కాదు, నిజమేనని ఒక పిల్లవాడు జవాబిస్తాడు. పిల్లలకు ఈ ప్రదర్శన నేర్పింది కెమెరానా, లేక కళ్లారా చూసిన చావును తట్టుకోవడానికి వాళ్లే కనిపెట్టుకున్న దారా? బులవాయో తేల్చి చెప్పదు. తేల్చకపోవడమే మంచిదయింది. ప్రదర్శన అనగానే బూటకం అనుకునేవాళ్లకు ఈ అధ్యాయం అడ్డం తిరుగుతుంది. ఆడినదీ నిజమే, ఏడ్చినదీ నిజమే.

బులవాయో కంటే 34 ఏళ్ల ముందే, దాతకు గ్రహీత ఎంత అవసరమో తేల్చి రాసినావిడ సెనెగల్ రచయిత్రి అమినాతా సో ఫాల్. ఆమె ఫ్రెంచి నవల 'లా గ్రెవ్ దే బాత్తు' (బిచ్చగాళ్ల సమ్మె) 1979లో వచ్చింది. ప్రజారోగ్య శాఖ అధికారి మూర్ న్డియాయ్ నగరానికి టూరిస్టులు రావాలని వీధుల్లో బిచ్చగాళ్లు లేకుండా చేయిస్తాడు. అతని కింద పనిచేసే కేబా డాబో ఆ పనిని వ్రతంలా పట్టుకుని పూర్తి చేస్తాడు. మూర్‌కి ఉపాధ్యక్ష పదవి మీద కన్నుంది. అది దక్కాలంటే ఎద్దును బలిచ్చి, ఆ మాంసాన్ని నగరంలో బిచ్చగాళ్లు కూర్చునే అలవాటైన చోట్లలోనే వాళ్లకు పంచాలని అతను నమ్మిన మరాబూ (ముస్లిం గురువు) చెబుతాడు. చోట్లున్నాయి, బిచ్చగాళ్లు లేరు. తమ నాయకురాలు సల్లా నియాంగ్ ఇంట్లో చేరి వాళ్లు సమ్మె కట్టారు. నిన్నటిదాకా తరిమించినవాడే ఆ ఇంటికి వెళ్లి, ఒక్క పూట పాత చోట్లలో కూర్చోండని బతిమాలతాడు. ఎవరూ రారు, పదవీ రాదు. బిచ్చగాళ్ల వాదన సూటిగా ఉంటుంది: మా మీద ప్రేమతో ఎవరూ ఇవ్వరు. మొక్కు తీరాలని, రోగం తగ్గాలని, ఉద్యోగం నిలవాలని ఇస్తారు. తీసుకోవడం మేం వాళ్లకు చేసే సేవ. సేవ ఆపేస్తే ఏమవుతుందో చూపిస్తాం. 'అడగందే అమ్మైనా పెట్టదు' అన్న లోకంలో, అడగడం మానేసి గెలిచిన మనుషుల కథ ఇది. ఇందులో కెమెరా లేదు, తెల్ల దాతా లేడు. ఇస్లాం విధించిన దానధర్మం, ఆధునిక రాజ్యపు శుభ్రత పిచ్చి, ఒక అధికారి పదవీ దాహం, అన్నీ ఇంటి సరుకే. దానంలోని బేరాన్ని పడమటి దేశాలవాళ్లే తెచ్చిపెట్టారన్న తేలిక మాటకు ఈ నవల చోటివ్వదు.

సో ఫాల్ నవలలో టూరిస్టు కంట బిచ్చగాడు పడకూడదు. కెన్యా రచయిత న్గూగీ వా థియాంగో నవల 'విజర్డ్ ఆఫ్ ద క్రో'లో పడి తీరాలి. న్గూగీ తెలుగువారికి కొత్తవాడు కాదు. ఆయన 'డెవిల్ ఆన్ ద క్రాస్' నవలను వరవరరావు జైల్లో ఉండగా 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశారు. గికుయూ భాషలో రాసి తానే ఇంగ్లీషు చేసుకున్న 'విజర్డ్'లో (ఇంగ్లీషు ప్రచురణ 2006) అబురీరియా అనే కల్పిత దేశపు పాలకులు బిచ్చగాళ్లను పూర్తిగా తరిమేయరు. అడవులు తరిగి జంతువులు కరువైన కాలంలో టూరిస్టులు ఆఫ్రికా వెళ్లామనడానికి సాక్ష్యంగా తీసుకెళ్లేది ఈగలు ముసిరిన పిల్లల ఫొటోలే గనక వాళ్లు కూడా పర్యాటక సంపదే. ప్రపంచ బ్యాంకును గుర్తుకు తెచ్చే గ్లోబల్ బ్యాంకు ప్రతినిధులు దిగిన హోటల్ ముందు బిచ్చగాళ్లు మూగుతారు. వాళ్లలో మారువేషం వేసుకొచ్చిన ఉద్యమకారులూ ఉంటారు. ఎవరు నిజం బిచ్చగాడో ఎవరు నటుడో పోలీసులు తేల్చుకోలేరు. బాధ ప్రదర్శన ఇక్కడ కూలి పని స్థాయి దాటి రాజకీయ ఎత్తుగడ అయింది. ఆ హోటల్ పేరు కూడా ప్యారడైజే. బులవాయో దగ్గర మురికివాడ పేరు, న్గూగీ దగ్గర అప్పులిచ్చేవాళ్లు దిగే హోటల్ పేరు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు గానీ, రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్నవారికి ముచ్చటగా ఉంటుంది.

చిత్రాన్ని తీసేవాడి పక్క నుంచి చూసిన నవలలు తక్కువ. వాటిలో ఇథియోపియన్ అమెరికన్ రచయిత్రి మాజా మెంగిస్టే 'ద షాడో కింగ్' (2019) ముందు వరసలో ఉంటుంది. కాలం 1935 నాటి ఇటలీ దండయాత్ర. ఎట్టోరె అనే సైనిక ఫొటోగ్రాఫర్ కొండ కొమ్ము మీంచి లోయలోకి తోసేస్తున్న ఖైదీలను పై అధికారి ఫుచెల్లి ఆజ్ఞ మేరకు ఫొటో తీస్తాడు. పట్టుబడ్డ హిరూత్, ఆస్టెర్ అనే స్త్రీ యోధులను ముళ్లకంచె వెనక నిలబెట్టి తీస్తాడు. ఎట్టోరె యూదుడు. అతని పేరూ యూదుల జాబితాకు ఎక్కబోతోంది. దయ ఊసే లేని ఈ కెమెరాకీ దానం చేసే కెమెరాకీ సంబంధం ఏమిటని అడగొచ్చు. సంబంధం నిలబెట్టడంలో ఉంది: ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో చెప్పేది కెమెరా పట్టుకున్నవాడే. ఆ ఫొటోలను మెంగిస్టే పుస్తకంలో ముద్రించదు, మాటల్లో వర్ణిస్తుంది. వర్ణన నడుస్తుండగా నిలబడ్డ మనిషి ఒంట్లోని కోపం, ఫొటో తీశాక జరిగింది, తీయకముందు ఆమె చేసిన యుద్ధం, అన్నీ వచ్చి చేరతాయి. చేత తుపాకి పట్టిన స్త్రీని నిస్సహాయ బందీగా చూపిన బొమ్మకు ఇంతకంటే ఘాటైన జవాబు ఉండదు.

నైజీరియా రచయిత్రి చిమమాండా న్గోజీ అదీచీ నవల 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్' (2006) బియాఫ్రా బొమ్మలను తిరిగి అడుగుతుంది. విదేశీ విలేకరులను వెంటబెట్టుకు తిప్పే రిచర్డ్ అనే ఇంగ్లీషువాడికి, వేలాది బియాఫ్రన్ల చావు కంటే ఒక తెల్లవాడి చావే వాళ్లకు వార్త అని అర్థమవుతుంది. ఆ యుద్ధ చరిత్ర రాయాలనుకున్నది రిచర్డ్. చివరికి రాసేది ఒకప్పుడు పనికుర్రాడిగా ఇంట చేరిన ఉగ్వు. కలం చేతులు మారడమే ఈ నవల తీర్పు. అదే దేశపు రచయిత చినువా అచెబె 'గర్ల్స్ ఎట్ వార్' (1972) కథ మాత్రం వేలు ఇంటివైపే చూపిస్తుంది: ఆకలిగొన్న జనం చూస్తుండగానే సహాయ డిపోలోంచి తన కారులోకి సరుకు ఎక్కించుకునేవాడు బియాఫ్రా అధికారే. సోమాలీ రచయిత నురుద్దీన్ ఫారా నవల 'గిఫ్ట్స్' గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. దునియా అనే నర్సు ఎవరి నుంచీ ఉచితంగా ఏదీ పుచ్చుకోని పట్టుదల మనిషి. ఆమె ప్రేమకథ నడుస్తుంటే అధ్యాయాల చివర కరువు సాయం మీద పత్రికా వార్తలు వస్తుంటాయి. దేశం పుచ్చుకునే గోధుమలకూ, స్త్రీ పుచ్చుకునే కానుకకూ ఒకటే ప్రశ్న: తిరిగి ఇవ్వలేనివాడు ఇచ్చినవాడికి ఏమవుతాడు? సెనెగల్ రచయిత, దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 'గెల్వార్' (సినిమా 1992, నవల 1996) దీనికి జవాబు వెతకదు. తిండి సాయాన్ని నిరసించినవాడు చంపబడతాడు, చివర్లో ఆ ధాన్యపు బస్తాలు రోడ్డు మీద ఒలికిపోతాయి. నైజీరియా రచయిత ఉవెమ్ అక్పాన్ కథల్లో ఒకదానిలో నైరోబీ వీధి కుటుంబం చంటిబిడ్డను వంతులవారీగా బిచ్చానికి తిప్పుతుంది. మరో కథలో పిల్లలను అమ్ముకునే ముఠా ఎన్జీవో వేషంలోనే గడప తొక్కుతుంది.

వీటికి ఎదురయ్యే ఆక్షేపణల్లో గట్టిది సాటి రచయిత నుంచే వచ్చింది. బులవాయో మొదటి అధ్యాయం 'హిట్టింగ్ బుడాపెస్ట్' అనే కథగా 2011లో ఆఫ్రికా రచయితల కథలకిచ్చే కేన్ బహుమతి పొందింది. నవల వచ్చినప్పుడు నైజీరియా రచయిత హెలాన్ హబీలా గార్డియన్ పత్రికలో దాన్ని సమీక్షిస్తూ, పాశ్చాత్య పాఠకుల జాలి కోసం ఆఫ్రికాను ప్రదర్శించే ధోరణి ఇందులో ఉందన్నారు. ఆయన కూడా 2001లో అదే బహుమతి అందుకున్నవారే. కెన్యా రచయిత బిన్యవంగ వైనైనా 2005లో గ్రాంటా పత్రికలో ఆఫ్రికా మీద రాసే తీరును వెక్కిరిస్తూ రాసిన వ్యంగ్య వ్యాసం అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. అంటే ప్రశ్న ఇది: ఎన్జీవో కెమెరాను తిట్టే నవల లండన్ ప్రచురణకర్త చేతుల మీదుగా వెళ్లి అదే జాలిని అమ్ముకోవడం లేదా? ఈ మాటలో పస ఉంది. గర్భిణి పిల్ల, ఉరేసుకున్న శవం, ఎయిడ్స్‌తో తిరిగొచ్చిన తండ్రి, ఒక్క పుస్తకంలో ఇన్ని పేర్చడం చూస్తే హబీలా విసుగు అర్థమవుతుంది. కానీ అంగడి ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటే కాదు. ఫొటోలో చీపో తిరిగి మాట్లాడలేదు, నవలలో మాట్లాడుతుంది. అమెరికాలో స్థిరపడ్డ డార్లింగ్ స్కైప్‌లో నా దేశం అని బాధపడితే, వదిలి వెళ్లినదానివి నీ దేశం ఎలా అవుతుందని చీపో నిలదీస్తుంది, ఇక్కడుండి అనుభవిస్తున్నది మేమని తెగేసి చెబుతుంది. విదేశంలో కూర్చుని స్వదేశపు బాధను కథగా మలిచే రచయితకు ఇంతకంటే సూటి అభియోగం ఏ సమీక్షకుడూ రాయలేదు. రచయిత్రి అది తన మీద తానే రాసుకుంది. ఆ మాటకొస్తే హబీలా 'ఆయిల్ ఆన్ వాటర్' (2010) కథ కూడా నైజర్ డెల్టాలో అపహరణకు గురైన తెల్ల స్త్రీ కోసం విలేకరులు వెతుక్కుంటూ వెళ్లే కథే. ఎవరి బాధ వార్త అవుతుందన్న ప్రశ్నను తప్పించుకోవడం ఆయనకూ కుదరలేదు.

రెండో ఆక్షేపణ ఇంకా మొరటైనది, అందుకే ఎక్కువ గౌరవించాల్సినది. ఫొటోలు ప్రాణాలు నిలిపాయి. హారిస్ బొమ్మలు లేకపోతే కాంగోలో చేతులు నరకడం మరికొన్నేళ్లు సాగేదేమో. 1984 అక్టోబరులో ఇథియోపియాలోని కోరెమ్ నుంచి మైకేల్ బ్యూర్క్ పంపిన బీబీసీ కథనం లేకపోతే 1985 జూలై 13న కరువు బాధితుల కోసం లైవ్ ఎయిడ్ కచేరీ జరిగేది కాదు. ఆకలితో ఉన్నవాడికి గౌరవం కంటే గంజి ముందు కావాలి, నవలాకారుల నొచ్చుకోలు కడుపు నిండినవాళ్ల వ్యవహారం అని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం. అయితే పైన చూసిన నవలల్లో ఫొటో వద్దని గానీ సరుకు వద్దని గానీ పిల్లలెవరూ అనరు. వాళ్లకూ గంజే ముందు, అందుకే నిలబడతారు. ఈ నవలలు అడిగేది వేరు. నిలబడ్డందుకు ఏమిచ్చారు, ఏం తీసుకున్నారు, లెక్కలో ఎవరు లాభపడ్డారు అని. సాయం ఆపమనడం వేరు, సాయాన్ని దయ అని పిలవడం ఆపమనడం వేరు. సో ఫాల్ బిచ్చగాళ్లు కూడా దానం పాపమనలేదు. అది రెండు వైపులా సాగే వ్యవహారమని ఒప్పుకోమన్నారు, అంతే.

ఐరోపా స్వచ్ఛంద సంస్థలు మూడో ప్రపంచపు బొమ్మల వాడకంపై ఒక ప్రవర్తనా నియమావళిని 1989లో ఆమోదించాయి. జాలి పుట్టించే బొమ్మలు మానాలని, ఫొటోలోని మనుషుల గౌరవం కాపాడాలని అలాంటి నియమావళులు చెబుతాయి. చెప్పాల్సిందే. కానీ అవన్నీ తీసేవాడు ఎలా మెలగాలో చెప్పే నియమాలు. ఫొటోలోని మనిషి నేను నిలబడను అంటే ఏమవుతుందన్నది వాటి పరిధిలోకి రాదు. ఆ ప్రశ్నను పదేళ్ల ముందే కథ చేసి, సమ్మె దాకా నడిపించి, దాతను గుమ్మంలో నిలబెట్టిన పుస్తకం అమినాతా సో ఫాల్‌ది. ఈ అంశం మీద ఇంతవరకు వచ్చిన వాటిలో మిన్న అదే. 1981లో ఇంగ్లీషులోకి వచ్చింది గనక ఫ్రెంచి రాని పాఠకులకూ అందుతుంది. ఈ కథాసాహిత్యంలోకి అడుగుపెట్టేవారు బులవాయోతో కాక దానితో మొదలుపెట్టడం మేలు.